నూనె మానేస్తే చాలా? బరువు తగ్గే ఆహార నియమాల గురించి అపోహలు, వాస్తవాలు

విశాఖపట్నంలో ఆహార సలహా కోసం నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది "నూనె మానేశానండీ, అయినా బరువు తగ్గడం లేదు" అంటూ మొదలుపెడతారు. నూనె మానేసిన చోట ఏమి చేరిందని అడిగితే గానీ అసలు సంగతి బయటపడదు.

అపోహ: కొవ్వు తింటేనే ఒంట్లో కొవ్వు పెరుగుతుంది.

వాస్తవం: గ్రాము కొవ్వులో 9 కేలరీలు, గ్రాము పిండిపదార్థంలో గానీ మాంసకృత్తుల్లో గానీ 4 కేలరీలు ఉంటాయి కనుక, నూనె తగ్గిస్తే కేలరీలు తగ్గే మాట నిజమే. అయితే పూరీలు మాని, ఆ ఆకలిని మరో రెండు ఇడ్లీలతోనూ, పదకొండు గంటలకు మారీ బిస్కెట్లతోనూ, బీచ్ రోడ్డులో నడక ముగిశాక చక్కెర వేసిన పళ్లరసంతోనూ తీర్చుకుంటే ఆ తగ్గింపు కాస్తా పూడిపోతుంది. పైగా కొవ్వుకు బదులుగా తెల్లన్నం, మైదా, చక్కెర పెరిగితే రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు పెరుగుతుంది, మేలు చేసే హెచ్‌డీఎల్ కొలెస్ట్రాల్ తగ్గుతుంది. మనవాళ్ల రక్తపరీక్షల్లో తరచూ కనిపించేది ఈ జోడీయే. అమెరికాలో 609 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు కొవ్వు, మరో జట్టుకు పిండిపదార్థాలు తగ్గించి ఏడాదిపాటు పరిశీలించిన అధ్యయనం 2018లో వెలువడింది. సగటున మొదటి జట్టు 5.3 కిలోలు, రెండోది 6 కిలోలు తగ్గాయి. గణాంకాల ప్రకారం అది చెప్పుకోదగ్గ తేడా కాదు. చక్కెర, మైదా వంటివి తగ్గించి కూరగాయలు పెంచమని రెండు జట్లకూ చెప్పారన్నది ఇక్కడ గమనించవలసిన విషయం.

అపోహ: నూనె చుక్క లేని వంట గుండెకు మంచిది.

వాస్తవం: ఏ, డి, ఈ, కె విటమిన్లు ఒంటికి పట్టాలంటే భోజనంలో కొంత కొవ్వు ఉండాలి, మునగాకులోని కెరోటిన్ కూడా అంతే. లినోలిక్, ఆల్ఫా లినోలెనిక్ అనే కొవ్వు ఆమ్లాలను శరీరం తనంతట తాను తయారు చేసుకోలేదు కనుక అవి తిండిలోంచే అందాలి. 48,835 మంది మహిళలతో అమెరికాలో జరిగి 2006లో ఫలితాలు వెలువడిన పరీక్షలో, మొత్తం కొవ్వును తగ్గించినంత మాత్రాన గుండెజబ్బులు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. కవళ్ళు, కానాగంతలు వంటి కొవ్వున్న చేపల్లో ఒమేగా-3 అనే మేలు చేసే కొవ్వు సమృద్ధిగా ఉంటుంది. ఫిషింగ్ హార్బరు ఉన్న ఊళ్లో ఉంటూ వాటిని వదిలి ఖరీదైన ఒమేగా-3 క్యాప్సూళ్లు మింగడం నాకు విచిత్రంగా తోస్తుంది. అలాగని బజ్జీలకు, మరిగించిన నూనెనే మళ్లీ వాడడానికి ఇది అనుమతి కాదు. టీస్పూను నూనెలో సుమారు 40 కేలరీలు ఉంటాయి కనుక సీసాలోంచి వంపకుండా చెంచాతో కొలిచి వేయండి.

అపోహ: వెన్న తీసిన పాలలో బలం ఉండదు.

వాస్తవం: పోయేది కొవ్వు, దానితోపాటు విటమిన్ ఏ. కాల్షియం, మాంసకృత్తులు అలాగే ఉంటాయి.

అపోహ: ఎంత త్వరగా తగ్గితే అంత మంచిది.

వాస్తవం: మొదటి వారంలో పోయేది చాలావరకు నీరే, ఎందుకంటే ఒంట్లో గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉన్న పిండిపదార్థం ఖర్చవుతూ తనతో ఉన్న నీటినీ వదిలేస్తుంది. ఆ తర్వాత కూడా వారానికి కిలోన్నర దాటి తగ్గుతూ, భోజనంలో కొవ్వు దాదాపు లేకుండా చేసుకుంటే, పిత్తాశయం సరిగా ముడుచుకోక పైత్యరసం నిలిచిపోయి రాళ్లు ఏర్పడే ప్రమాదం పెరుగుతుంది. కండ కూడా కరుగుతుంది. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడే మధుమేహులు అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు కనుక, ఏ ఆహార నియమమైనా మొదలుపెట్టే ముందే వైద్యుడిని కలిసి మందు మోతాదు సరిచేయించుకోవాలి.