ఐరిస్ పూల వెనకాల పుర్రెల కథ

డేటా సైన్స్ నేర్చుకున్నవాళ్లు అమీర్‌పేట్‌లో నేర్చుకున్నా అమెరికా వెళ్లి ఎమ్మెస్ చేసినా మొదటి వారంలో చేతికొచ్చే డేటా మాత్రం ఒకటే, ఐరిస్. మూడు రకాల పూలు, రకానికి 50 చొప్పున 150 వరసలు, ఒక్కో పువ్వుకి నాలుగు కొలతలు (సెపల్, పెటల్ అనే రెండు రకాల రేకుల పొడవు, వెడల్పు). నాలుగు లైన్ల కోడ్ రాస్తే ఆ కొలతల్ని బట్టి ఏ రకం పువ్వో మోడల్ (డేటా చూసి నేర్చుకునే ప్రోగ్రామ్, ఈ పద్ధతినే మెషిన్ లెర్నింగ్, ఎంఎల్ అంటారు) 95 శాతం పైన కరెక్ట్‌గా చెప్పేస్తుంది, మనకి భలే ఊపొస్తుంది, లింక్డిన్‌లో "మై ఫస్ట్ ఎంఎల్ ప్రాజెక్ట్" అని పోస్ట్ కూడా పడిపోతుంది. ఆ పూలు ఎవరు కోశారు, ఎందుకు కొలిచారు అని అడిగినవాళ్లని నేనైతే పెద్దగా చూళ్లేదు.

ఇప్పుడెందుకు ఈ గోల అంటే, కొన్నేళ్లుగా ఐరిస్‌ని క్లాసుల్లోంచి తీసెయ్యాలని గట్టిగా వాదన నడుస్తోంది. కారణం, ఆ డేటా మొదట అచ్చయిన పత్రిక పేరు అనల్స్ ఆఫ్ యుజెనిక్స్. యుజెనిక్స్ అంటే తెలుసు కదా, "మేలు రకం" మనుషులు ఎక్కువ పిల్లల్ని కనాలి, "తక్కువ రకం" వాళ్లు కనకుండా చూడాలి అనే సిద్ధాంతం, అది జర్మనీలో ఎక్కడి దాకా వెళ్లిందో చెప్పక్కర్లేదు. "పూల డేటాకి దీనికి ఏం సంబంధం, ఏదో పత్రికలో వేశారు అంతే" అని కొందరంటారు, నేను కూడా మొదట్లో అదే అన్నాను. తర్వాత పాత సంగతులు చదువుతూ పోతే అంత తేలిగ్గా కొట్టిపారెయ్యలేం అనిపించింది.

పూల దగ్గర్నుంచే మొదలెడదాం. కోసింది ఎడ్గర్ ఆండర్సన్, అమెరికాలో సెయింట్ లూయిస్ ఊళ్లో ఉన్న మిస్సోరి బొటానికల్ గార్డెన్‌లో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త. ఈయనకి పట్టిన పురుగు ఏంటంటే వెర్సికలర్ అనే ఐరిస్ అసలు ఎక్కడ్నుంచి వచ్చింది అని. సెటోసా, వర్జినికా అనే ఇంకో రెండు రకాలు ఎప్పుడో కలిసిపోయి ఇది పుట్టిందని ఆయన అనుమానం. క్రోమోజోముల లెక్క కూడా అలాగే ఉంది, సెటోసాది ఒక వంతు అనుకుంటే వర్జినికాది దాదాపు రెండు వంతులు, వెర్సికలర్‌ది మూడు వంతులు, అంటే ఒకటీ రెండూ కలిపితే మూడు. ఇది తేల్చాలని ఆయన కెనడాలో క్వెబెక్ రాష్ట్రంలోని గాస్పే ద్వీపకల్పానికి వెళ్లి, ఒకే పచ్చిక బయల్లో సెటోసా, వెర్సికలర్ పూలు ఒకే రోజు కోసి, ఒకే మనిషి ఒకే పరికరంతో కొలిచేలా జాగ్రత్త పడ్డాడు. ఇవాళ మనం డేటా క్వాలిటీ అని పెద్ద పేరు పెట్టి చెప్పేది ఆయన బురదలో నిలబడి చేశాడన్నమాట. వర్జినికా పూలు మాత్రం వేరే చోటివి, ఆ తేడా సంగతి ఏ ట్యుటోరియల్లోనూ చెప్పరు.

ఇంకో ముచ్చట కూడా చెప్పెయ్యాలి. మన బళ్లో సెపల్స్‌ని రక్షక పత్రాలనీ, అవి ఆకుపచ్చగా మొగ్గని కప్పి ఉంటాయనీ, పెటల్స్ ఆకర్షక పత్రాలనీ, రంగు వాటిదేననీ చెప్పారు కదా. ఐరిస్‌లో రక్షక పత్రాలే పెద్దగా, రంగుగా, కిందికి వాలి ఉంటాయి, అందుకే డేటాలో సెపల్ కొలతలు చూసి చాలామంది కాలమ్స్ తారుమారయ్యాయేమో అనుకుంటారు. తారుమారవలేదు, ఆ పువ్వే అంత.

ఆండర్సన్ 1929-30లో ఇంగ్లండ్‌లో ఉన్నప్పుడు రోనాల్డ్ ఫిషర్ అనే స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్తతో పరిచయమైంది. ఆ కొలతలు తీసుకుని ఫిషర్ 1936లో పేపర్ రాశాడు. అందులో ఆయన వేసుకున్న ప్రశ్న చాలా సింపుల్‌గా ఉంటుంది, నాలుగు కొలతలున్నాయి, వీటిని కలిపి ఒక్క మార్కు చెయ్యాలి, ఆ మార్కు చూస్తే ఇది ఈ రకం, అది ఆ రకం అని వీలైనంత స్పష్టంగా విడిపోవాలి. మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే ఒకప్పుడు ఎంసెట్ ర్యాంకుకి ఇంటర్ మార్కుల వెయిటేజీ 25 శాతం కలిపేవాళ్లు కదా, ఆ 25 ఎంత ఉండాలో గవర్నమెంట్ నిర్ణయించింది. ఫిషర్ ఏమన్నాడంటే వెయిటేజీ ఎవరూ నిర్ణయించక్కర్లేదు, డేటానే అడుగుదాం, రెండు గుంపుల మధ్య దూరం ఎక్కువగా, ఒక్కో గుంపు లోపల చెదురు తక్కువగా వచ్చేలా ఏ వెయిటేజీ పనిచేస్తే అదే తీసుకుందాం అని. దీన్నే ఇప్పుడు లీనియర్ డిస్క్రిమినెంట్ (ఎల్‌డీఏ) అంటున్నాం.

నిజం చెప్పాలంటే సెటోసాని గుర్తుపట్టడానికి ఇంత లెక్క అక్కర్లేదు. దాని పెటల్ పొడవు 1.9 సెంటీమీటర్లు దాటదు, మిగతా రెండు రకాల్లో అతి చిన్న పెటల్ 3.0, మధ్యలో ఎక్కడ గీత గీసినా సరిపోతుంది. తగువంతా వెర్సికలర్‌కీ వర్జినికాకీ మధ్యే, పెటల్ పొడవు 4.5 నుంచి 5.1 దాకా రెండూ కలగాపులగం. మొదటి ప్రాజెక్టులో వచ్చే ఆ 95 శాతం చూసి మురిసిపోయేముందు అందులో మూడో వంతు పువ్వుల్ని స్కేలు పట్టుకుని చిన్నపిల్లలైనా చెప్పెయ్యగలరని గుర్తుంచుకుంటే మంచిది.

సరే, పత్రిక విషయానికొద్దాం. ఫిషర్ 1933 నుంచి లండన్ యూనివర్సిటీ కాలేజీలో యుజెనిక్స్ ప్రొఫెసర్, పోస్టు పేరే గాల్టన్ ప్రొఫెసర్ ఆఫ్ యుజెనిక్స్, అంతకుముందు ఆ కుర్చీ కార్ల్ పియర్సన్ అనే ఇంకో స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్తది, ఆ పత్రికని 1925లో పెట్టిందీ పియర్సనే. అంటే ఫిషర్ తన పేపర్ ఎవరో వేసుకున్న పత్రికకి పంపలేదు, సొంతింట్లోనే వేసుకున్నాడు. ఆయన ఆ రోజుల్లో స్టెరిలైజేషన్‌ని చట్టబద్ధం చెయ్యాలని పనిచేసిన కమిటీలో సభ్యుడు కూడా. ఇంకా ముఖ్యమైన సంగతి, ఈ పద్ధతి మొదటిసారి వాడింది పూల మీద కాదు. ఫిషర్ సలహాతో మిల్డ్రెడ్ బర్నార్డ్ అనే ఆవిడ 1935లో, అదే పత్రికలో, ఈజిప్టు పుర్రెల కొలతల మీద వాడింది. అంతకు చాలాముందే పియర్సన్ రెండు జాతులు ఎంత దగ్గరో చెప్పే ఒక లెక్క తయారుచేశాడు, దాని పేరే జాతి పోలిక గుణకం. కాబట్టి పుర్రెల కోసం పుట్టిన పనిముట్టుని పూల మీద చూపించారు, పూల కోసం పుట్టింది తర్వాత పుర్రెలకి పాకలేదు, ఈ వరస తెలిసినప్పుడే నా పాత అభిప్రాయం మారింది.

ఇదంతా తెల్లవాళ్ల గొడవ, మనకేం అనుకుంటే పొరపాటే. పుర్రెలూ ముక్కులూ కొలిచే పిచ్చి మన దేశంలో ఇంకా జోరుగా నడిచింది. 1901 జనాభా లెక్కల్ని నడిపించిన బ్రిటిష్ అధికారి రిస్లీ ముక్కు వెడల్పుని బట్టి కులాల అంతస్తు చెప్పెయ్యొచ్చన్నాడు. మద్రాసు మ్యూజియం చూసుకున్న థర్‌స్టన్ కొలిచే పరికరాలు వెంటేసుకుని దక్షిణాది అంతా తిరిగాడు, 1909లో వచ్చిన ఆయన ఏడు సంపుటాల్లో మన తెలుగు కులాలు కూడా ఉన్నాయి, ఇప్పటికీ కులాల చరిత్ర గురించి వాదించుకునేవాళ్లు అందులోంచి ముక్కలు కోట్ చేస్తుంటారు.

ఈ గందరగోళంలోకి వచ్చినవాడు ప్రశాంత చంద్ర మహలనోబిస్, కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ మేష్టారు. 1920లో నాగపూర్ సైన్స్ కాంగ్రెస్‌లో జువాలజికల్ సర్వే డైరెక్టర్ అనండేల్ కలిసి, కలకత్తా ఆంగ్లో ఇండియన్ల కొలతలు నా దగ్గరున్నాయి, లెక్క తేల్చి పెట్టు అన్నాడు. అక్కడ పట్టుకున్న తీగ లాగుతూ పోతే 1936కి మహలనోబిస్ డిస్టెన్స్ తేలింది, అంటే రెండు గుంపులు కొలతల్లో ఒకదానికొకటి ఎంత దూరమో చెప్పే లెక్క. ఏడాది చూడండి, ఫిషర్ పూల పేపర్ వచ్చిన ఏడాదే, రెండూ దాదాపు ఒకే లెక్కకి రెండు మొహాలు. పియర్సన్ లెక్కలో ఉన్న లోపం ఏంటంటే, పొడుగు మనిషికి చేతులూ పొడుగ్గానే ఉంటాయి కదా, ఎత్తు తేడా, చేతుల తేడా రెండూ విడివిడిగా కూడితే ఒకే అప్పుని రెండు పద్దుల్లో రాసినట్టు అవుతుంది. మహలనోబిస్ ఆ డబుల్ లెక్కని తీసేశాడు. ఇవాళ ఫ్యాక్టరీ సెన్సర్లో తేడా రీడింగ్ పట్టుకోవాలన్నా, ఎప్పుడూ చూడని రకం ఫొటో వచ్చిందని మోడల్‌కి తెలియాలన్నా ఇదే దూరం వాడతారు. దీని తొలి రూపంతో 1920ల్లోనే ఆయన చెప్పిన వాటిలో ఒకటి, బెంగాల్ బ్రాహ్మణులు బయటి రాష్ట్రాల బ్రాహ్మణుల కంటే బెంగాల్లోని మిగతా కులాల వాళ్లకే దగ్గరగా ఉన్నారని. రిస్లీ డేటాలో తప్పులు ఏరి 1933లో విడిగా ఇంకో పేపరు కూడా రాశాడు.

ఇక్కడే మనవాడు వస్తాడు. కల్యంపూడి రాధాకృష్ణారావు, అదే సీఆర్ రావు. 1920లో హడగలిలో పుట్టాడు, అప్పట్లో బళ్లారి జిల్లా, ఎనిమిదో సంతానం కాబట్టి కృష్ణుడి పేరు పెట్టారు. ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్స్ ఎమ్మే చేసి, వేరే ఏదో ఉద్యోగం ఇంటర్వ్యూకని కలకత్తా వెళ్లి, అది రాక, మహలనోబిస్ పెట్టిన స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో 1941 జనవరి 1న చేరిపోయాడు. 1946లో మహలనోబిస్ ఆయన్ని కేంబ్రిడ్జ్ పంపాడు, పని ఏంటంటే సూడాన్‌లో జెబెల్ మోయా అనే చోట తవ్వి తీసిన ఎముకలు మ్యూజియంలో పడున్నాయి, వాటి కొలతలు తీసి లెక్కలు చెయ్యాలి. పగలు ఎముకలు, ఇంకోపక్క ఫిషర్ దగ్గర పీహెచ్‌డీ.

1948లో ఆయన రాసిన పేపర్లో ఫిషర్ రెండు గుంపులకి చేసిన పద్ధతిని ఎన్ని గుంపులకైనా పనికొచ్చేలా చేశాడు. అంటే సైకిట్-లెర్న్ అనే మెషిన్ లెర్నింగ్ కోడ్ లైబ్రరీలో ఎల్‌డీఏ పెట్టి మూడు ఐరిస్ రకాల్ని ఒకేసారి విడగొడుతున్న ప్రతి స్టూడెంటూ వాడేది నిజానికి రావు గారి లెక్క, సీసాకి లేబుల్ మాత్రం ఫిషర్‌ది. మన కోర్సుల్లో ఈ ముక్క చెప్పే ఇన్‌స్ట్రక్టర్ నాకింతవరకు తగల్లేదు.

అయితే ఆ పేపర్లో ఉదాహరణగా తీసుకున్న మూడు గుంపులు ఏంటో తెలుసా? పూలు కాదు. బ్రాహ్మణులు, చేతివృత్తులవాళ్లు, కోర్వా అనే గిరిజనులు. 1941 యునైటెడ్ ప్రావిన్సెస్ (ఇప్పటి ఉత్తరప్రదేశ్ ప్రాంతం) సర్వేలో మజుందార్ అనే మానవశాస్త్రవేత్త తీసిన కొలతలు. నాలుగు కాలమ్స్: ఎత్తు, కూర్చున్నప్పటి ఎత్తు, ముక్కు లోతు, ముక్కు ఎత్తు. ఐరిస్ టేబుల్ పక్కన పెట్టి చూస్తే నాలుగుకి నాలుగు, మూడుకి మూడు, సెటోసా ఉన్న చోట కులం పేరు. నాకు ఆ టేబుల్ చూసినప్పుడు కాస్త ఇబ్బందిగానే అనిపించింది, ఎందుకంటే అప్పటిదాకా నా బుర్రలో కథ చాలా నీట్‌గా ఉంది, ఫిషర్ చెడ్డ సైడు, మనవాళ్లు మంచి సైడు అని. రావు గారు ఎవరినీ ఎక్కువ తక్కువ అనలేదు, నిజమే, కానీ కొలిచింది మాత్రం కులాన్నే.

కంప్యూటర్లొచ్చాక పూలు ఎలా గెలిచాయో తొందరగా చెప్పేస్తాను. 1987లో కాలిఫోర్నియా యూనివర్సిటీ, అర్వైన్‌లో మెషిన్ లెర్నింగ్ డేటాలు ఒక చోట పెట్టడం మొదలెట్టారు, మరుసటి ఏడాది ఐరిస్ అందులోకి చేరింది, ఫ్రీ, చిన్నది, ఖాళీలు లేవు, ఇక చెప్పేదేముంది. కాకపోతే ఎక్కించడంలో రెండు వరసలు తప్పు పడ్డాయి. ఇది నాకు తెలిసిన తీరు తమాషాగా ఉంటుంది, ఒక కోచింగ్ సెంటర్ ఇచ్చిన ఫైల్లో సెటోసా సెపల్ వెడల్పు సగటు 3.418 వచ్చింది, స్టాటిస్టిక్స్ కోసం వాడే ఆర్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఐరిస్‌లో 3.428. నా కోడే తప్పనుకుని ఒక సాయంత్రమంతా తలకాయ కొట్టుకున్నాను. చివరికి రెండు ఫైళ్లూ పక్కపక్కన పెట్టి వరస వరసా చూస్తే 35వ పువ్వు పెటల్ వెడల్పు 0.2 ఉండాల్సింది 0.1 ఉంది, 38వ పువ్వుకి 3.6, 1.4 ఉండాల్సిన చోట 3.1, 1.5 ఉన్నాయి. ఫిషర్ పేపర్లోని టేబుల్‌తో సరిపోయేది ఆర్‌లోదే. 1999లోనే బెజ్‌డెక్ అనే పరిశోధకుడు, ఇంకొందరు కలిసి ఈ తప్పుల మీద పేపర్ రాశారు, సైకిట్-లెర్న్ వాళ్లు 0.20 వెర్షన్లో సరిచేశారు, అర్వైన్ వాళ్లు తప్పుందని నోట్ రాశారు. ఎన్ని ల్యాప్‌టాపుల్లో పాత ఫైలే తిరుగుతోందో లెక్కలేదు.

2020లో అమెరికాలో పోలీసుల చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడి హత్య తర్వాత వచ్చిన ఊపులో ఇదంతా బయటపడింది. కేంబ్రిడ్జ్‌లో ఫిషర్ చదివిన కాలేజీ ఆయన గుర్తుగా పెట్టిన లాటిన్ స్క్వేర్ (ప్రతి అడ్డ వరసలో, నిలువు వరసలో ఒక్కో రంగు ఒక్కసారే వచ్చే గళ్ల పటం) రంగు అద్దాల కిటికీని తీసేసింది, ఉత్తర అమెరికా స్టాటిస్టిక్స్ సంఘాలు ఆయన పేరున్న అవార్డు పేరు మార్చాయి. అదే ఏడాది ఐరిస్‌కి బదులుగా పెంగ్విన్ల డేటా ఆర్ ప్యాకేజీగా వచ్చింది, అంటార్కిటికాలో పామర్ స్టేషన్ దగ్గర క్రిస్టెన్ గోర్మన్ 2007 నుంచి 2009 దాకా కొలిచిన 344 పక్షులు, ఇక్కడా మూడు రకాలే. దీంట్లో కొన్ని ఖాళీలుంటాయి, ఆడా మగా తెలియనివి ఉంటాయి, నిజం డేటా ఎలా ఉంటుందో అలా ఉంటుంది, నాకైతే పాఠానికి ఇదే బాగుంటుంది.

కానీ ఐరిస్‌ని ఎక్కడా కనపడకుండా చేసెయ్యాలన్న వాళ్లతో మాత్రం నేను కలవలేను. ఆండర్సన్ పూలకి పాపం ఏం తెలుసు, అసలు సమస్య పనిముట్టుది, ఆ పనిముట్టు పెంగ్విన్ల మీద వాడినా అదే లెక్క, అదే పుట్టుక. ఫ్రెండ్స్‌కి నేర్పేటప్పుడు నేను మొదటి రోజు పెంగ్విన్లు ఇస్తాను, రెండోరోజు ఐరిస్ ఇచ్చి పక్కనే రావు గారి పేపర్లోని గుంపుల పేర్లు, కాలమ్స్ పేర్లు రాసి పెడతాను. పోయినసారి ఒకతను అది చూసి "ఇందులో మనం ఎక్కడుంటాం అన్నా" అని జోక్ చేశాడు, గదిలో సగం మంది నవ్వారు, సగం మంది నవ్వలేదు.

2025లో వచ్చిన ఆర్ 4.5లో పెంగ్విన్ల డేటాని అసలు సాఫ్ట్‌వేర్‌లోనే కలిపేశారు. ఐరిస్‌ని తియ్యలేదు.