పూడ్చని కన్నాలు: పెన్ టెస్ట్ వెనక కథ

చీమకుర్తి గ్రానైట్ ఎగుమతిదారుకైనా, నెల్లూరు రొయ్యల ప్లాంటుకైనా, ఒంగోలు కళాశాలకైనా ఇప్పుడు ఒక ప్రశ్న ఎదురవుతోంది: పెన్ టెస్ట్ (అనుమతితో కంప్యూటర్లలోకి చొరబడి లోపాలు వెతికే పరీక్ష) చేయించారా? చేయిస్తున్నారు కూడా. రిపోర్టు వస్తుంది, ఫైల్లో చేరుతుంది. అందులో రాసిన కన్నాలు, అంటే భద్రతా లోపాలు, మాత్రం చాలాచోట్ల అలాగే ఉండిపోతాయి.

ఈ పని అమెరికా సైనిక అవసరాల్లోంచి పుట్టింది. 1960ల్లో ఒకే కంప్యూటర్‌ను పదిమంది పంచుకోవడం మొదలయ్యాక, ఒకరి ఫైలు మరొకరి కంటపడకుండా ఆపడమెలా అన్న దిగులు పట్టుకుంది. ర్యాండ్ అనే అమెరికా పరిశోధనా సంస్థకు చెందిన విల్లిస్ వేర్ 1967లో దీన్ని బహిరంగ చర్చకు తెచ్చారు. 1974లో అమెరికా వైమానిక దళానికి చెందిన పాల్ కార్గర్, రోజర్ షెల్ కలిసి, ఆ రోజుల్లో గట్టిదని పేరున్న మల్టిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ లోపలికే చొరబడి చూపించారు. కనిపించిన కన్నానికల్లా మట్టి మెత్తుకుంటూ పోతే లాభం లేదు, గోడనే మళ్లీ కట్టాలన్నది వాళ్లు తేల్చిన విషయం. యాభై ఏళ్లు గడిచినా మనం ఇంకా మట్టి దగ్గరే ఉన్నాం.

తర్వాత పనిముట్లు అందరికీ అందాయి: 1997లో నెట్‌వర్క్‌ను వెతికి చూసే ఎన్‌మ్యాప్, 2003లో లోపాల గుండా చొరబడి చూసే మెటాస్ప్లాయిట్. మన దగ్గర 2000లో ఐటీ చట్టం, 2004లో సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ వచ్చాయి.

2017 ఈ కథలో మరువరాని ఏడాది. విండోస్ ఫైల్ షేరింగ్‌లోని లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14న ప్యాచ్ (లోపాన్ని సరిచేసే సాఫ్ట్‌వేర్ సవరణ) ఇచ్చింది. రెండు నెలలు తిరక్కుండానే, మే 12న మొదలైన వానాక్రై (ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వైరస్) ఆ లోపం గుండానే పాకింది; ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. జూన్ 27న నాట్‌పెట్యా అనే మరో వైరస్ ముంబై దగ్గరి జేఎన్‌పీటీ ఓడరేవులో ఒక కంటైనర్ టెర్మినల్‌ను స్తంభింపజేసింది. అది ప్యాచ్ వేసిన యంత్రాలనూ వదల్లేదు. ఒక కంప్యూటర్ మెమరీలోంచి అడ్మిన్ పాస్‌వర్డ్ దొంగిలించి, దాంతో పక్క కంప్యూటర్లు తెరిచింది. అన్ని యంత్రాలకూ ఒకే అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టే ఆఫీసులు ఈ జిల్లాల్లో తక్కువేం కాదు.

పరీక్షకు ముందు రాతపూర్వక అనుమతి తప్పనిసరి. అది లేకుండా లోపలికి వెళితే ఐటీ చట్టం సెక్షన్ 43 కింద నష్టపరిహారం కట్టాలి. మోసపూరితంగా చేస్తే సెక్షన్ 66 కింద మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఏయే ఐపీ అడ్రసులు (నెట్‌వర్క్‌లో కంప్యూటర్ల నంబర్లు), ఏ తేదీలు, ఏ వేళలు, ఆపమనాలంటే ఎవరికి ఫోన్ చేయాలి అన్నవన్నీ ఆ పత్రంలో ఉండాలి. కోల్డ్ స్టోరేజీ కంట్రోలర్లను విడిగా పేర్కొనాలి. పాతవి మామూలు స్కాన్‌కే బిగుసుకుపోవచ్చు. మైనస్ 18 డిగ్రీల గదిలో సరుకుండగా ఆ ప్రయోగం వద్దు.

స్కానర్ (లోపాలను తనంతట తానే వెతికే సాఫ్ట్‌వేర్) పట్టుకోలేనివీ ఉంటాయి. కళాశాల మార్కుల పేజీ లింకు చివర 1042ను 1043 చేస్తే పక్క విద్యార్థి మార్కులు తెరుచుకున్నాయనుకుందాం. సర్వర్ లెక్కలో అది సవ్యమైన జవాబే, కాబట్టి స్కానర్ నోరెత్తదు. మనిషే కూర్చుని మార్చి చూడాలి. వెబ్ భద్రతపై పనిచేసే ఓవాస్ప్ సంస్థ 2021లో ఇచ్చిన ముఖ్య లోపాల జాబితాలో మొదటి స్థానం ఈ కోవ లోపాలదే. నంబరును కనబడకుండా దాచడం మందు కాదు. లాగిన్ అయిన వ్యక్తికి ఆ రికార్డు చూసే హక్కుందా అని సర్వర్ ప్రతిసారీ సరిచూడాలి. తరచుగా జరిగేదేమిటంటే, మార్కుల పేజీ ఒక్కటే బాగుచేసి ఫీజు రసీదునూ మొబైల్ యాప్‌నూ వదిలేస్తారు.

కన్నం చూపేది టెస్టరు, పూడ్చాల్సింది సాఫ్ట్‌వేర్ అమ్మినవారు. ఏఎంసీలో (ఏటా కుదుర్చుకునే నిర్వహణ ఒప్పందంలో) భద్రతా లోపాల సవరణ గురించి ఒక్క ముక్కా లేకపోతే వాళ్లు కొత్త బిల్లు పంపుతారు, పని అక్కడే ఆగుతుంది. ఆ షరతు ముందే రాయించండి. టెస్టరు వర్క్ ఆర్డరులో రీటెస్ట్ (బాగుచేశాక మళ్లీ చేసే పరీక్ష) కూడా చేర్చి, చివరి వాయిదా సొమ్ము ఆ రెండో రిపోర్టు చేతికొచ్చాకే ఇవ్వండి.