ఇంట్లో కంప్యూటర్, వీధిలో కరెంటు: అపోహలు – వాస్తవాలు

కావలిలో ఇన్వర్టర్లు, యూపీఎస్‌లు బాగుచేయడం నా వృత్తి. ఒకప్పుడు ఫ్యాన్ తిరగడం లేదనో, బ్యాటరీ నిలబడడం లేదనో పిలిచేవాళ్లు. 2020లో హైదరాబాద్, బెంగళూరు, చెన్నైల నుంచి పిల్లలు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని ఇళ్లకు చేరినప్పటి నుంచి పిలుపు మారింది. "అన్నా, పని మధ్యలో ఆగిపోతోంది" అంటారు. వెళ్లి చూస్తే చాలా ఇళ్లలో అప్పటికే వేలు ఖర్చయి ఉంటాయి, అదీ అవసరం లేని చోట. ఆ డబ్బు కష్టపడి సంపాదించినది కాబట్టే ఇది రాస్తున్నాను.

అపోహ: ఇన్వర్టర్ ఉంటే కంప్యూటర్‌కు ఇక ఏ ఇబ్బందీ ఉండదు.

చీమకుర్తి గ్రానైట్ వ్యాపారుల లెక్కలు ఇంటి నుంచే చూసే అమ్మాయి ఒకరు మా ఊళ్లో ఉన్నారు. కరెంటు పోయిన ప్రతిసారీ ఫ్యాన్ ఆగదు, లైటు ఆరదు, కంప్యూటర్ మాత్రం ఆగి మళ్లీ మొదలవుతుంది. అప్పటిదాకా ఎక్కించిన బిల్లులు పోతాయి. ఎవరో చెప్పారని కొత్త బ్యాటరీ వేయించారు. అయినా అదే తీరు.

నేను ఇన్వర్టర్‌ను గోడ నుంచి ముందుకు జరిపి, వెనక పట్టిన బూజు గుడ్డతో తుడిచాను. కింది మూలలో గోరంత స్విచ్. ఒక వైపు 'నార్మల్', రెండో వైపు 'యూపీఎస్' అని రాసి ఉంది. కొన్నప్పటి నుంచీ అది నార్మల్ మీదే ఉంది. స్క్రూడ్రైవర్ మొనతో యూపీఎస్ వైపు నెట్టి, మెయిన్ ఆపాను. మానిటర్ రెప్ప కూడా వేయలేదు. నమ్మకం కుదరక ఆమే లేచి వెళ్లి మూడుసార్లు మెయిన్ ఆపి చూసుకున్నారు.

"ఇంతేనా అన్నా?"

"ఇంతేనమ్మా."

కంప్యూటర్ లోపలి పవర్ సప్లై కరెంటు లేకుండా నిలబడగలిగేది సెకనులో అరవయ్యో వంతు, అంటే సుమారు 16 మిల్లీసెకన్లు. యూపీఎస్ పద్ధతిలో ఇన్వర్టర్ 10 మిల్లీసెకన్ల లోపే బ్యాటరీ మీదికి మారుతుంది. నార్మల్‌లో అంతకంటే ఆలస్యమవుతుంది. ఫ్యాన్‌కు అది తెలియదు, కంప్యూటర్‌కు తెలుస్తుంది.

దీనికో చిక్కు ఉంది. యూపీఎస్ పద్ధతిలో వోల్టేజి 180 కంటే తగ్గితే ఇన్వర్టర్ దాన్ని స్వీకరించదు, బ్యాటరీకి మారిపోతుంది. రొయ్యల చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరేటర్లు, వరి మడుల మోటార్లు ఉన్న పల్లెల్లో సాయంత్రం వోల్టేజి 170కి పడిందంటే, కరెంటు ఉండగానే బ్యాటరీ ఖాళీ అయిపోతుంది. అలాంటి చోట ఇన్వర్టర్‌ను నార్మల్‌లోనే ఉంచి, కంప్యూటర్ ఒక్కదానికి 600 వీఏ (వోల్ట్-ఆంపియర్) సామర్థ్యం ఉన్న చిన్న యూపీఎస్ పెట్టమంటాను. అప్పుడు ఇన్వర్టర్, లైన్ కరెంటులా నున్నటి అలల కరెంటు ఇచ్చే సైన్ వేవ్‌ది అయి ఉండాలి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఇచ్చే మెట్లమెట్ల కరెంటును చాలా చిన్న యూపీఎస్‌లు కరెంటుగా గుర్తించవు. కూతపెడుతూనే తమ బ్యాటరీ తాగేస్తాయి.

అపోహ: కరెంటు పోవడం వల్లే కంప్యూటర్లు కాలిపోతాయి.

పోవడం వల్ల పోయేది మీరు భద్రపరచని పని. యంత్రాన్ని చంపేది చాలాసార్లు కరెంటు తిరిగి వచ్చే తీరు. అందులో అతి ప్రమాదకరమైనది, మన వీధుల్లో తక్కువగా మాట్లాడుకునేది, న్యూట్రల్ తెగడం.

ట్రాన్స్‌ఫార్మర్ నుంచి కరెంటు తెచ్చే మూడు ఫేజు తీగలు, అది తిరిగి వెళ్లే ఒక న్యూట్రల్ తీగ వస్తాయి. ఇళ్లను ఫేజులవారీగా పంచుతారు. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టులు, రెండు ఫేజుల మధ్య 400. స్తంభం దగ్గర న్యూట్రల్ జాయింటు తుప్పుపట్టి ఊడితే, వేర్వేరు ఫేజుల మీది ఇళ్లు ఒకదాని తర్వాత ఒకటి గొలుసులా కలిసిపోయి ఆ 400ను పంచుకుంటాయి. వాడకం ఎక్కువ ఉన్న ఇంటికి తక్కువ వోల్టేజి, వాడకం తక్కువ ఉన్న ఇంటికి ఎక్కువ వోల్టేజి దక్కుతుంది. ఒక్క కంప్యూటర్, ఒక్క లైటు వేసుకుని పొదుపుగా కూర్చున్న ఇంటికే 300 దాటి వస్తుంది. కంప్యూటర్ పవర్ సప్లైలు తట్టుకునేది సుమారు 264 వరకే. ఒకే రాత్రి ఒకే వీధిలో నాలుగు ఇళ్ల టీవీలు, రౌటర్లు, ల్యాప్‌టాప్ ఛార్జర్లు నా బల్ల మీదికి వచ్చాయంటే కారణం అడగక్కర్లేదు. విప్పి చూస్తే కెపాసిటర్ మూత పువ్వులా విచ్చుకుని, లోపలంతా జిగట మరకలు, మాడు వాసన.

గుర్తు సులువు. కొన్ని బల్బులు ఉన్నట్టుండి తెల్లగా మండి, పక్కింట్లో మసకబారితే, ఫ్యాన్ పిచ్చివేగం అందుకుంటే, వెంటనే మెయిన్ ఆపండి. ఏ వస్తువుకు ఏమైందో తర్వాత చూసుకోవచ్చు. 1912కు ఫోన్ చేసి న్యూట్రల్ పోయిందని చెప్పండి. మెయిన్ దగ్గర వోల్టేజి హద్దు దాటగానే తెంచేసే ప్రొటెక్టర్ పెట్టించుకోవడం నా లెక్కలో రెండో బ్యాటరీ కంటే ముందు చేయాల్సిన ఖర్చు.

అపోహ: ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద 'స్పైక్' అని రాసి ఉంటే రక్షణ ఉన్నట్టే.

చవక బాక్సుల్లో నేను విప్పి చూసినవాటిలో ఇత్తడి రేకులు, ఎర్ర దీపం తప్ప ఏమీ లేవు. మంచివాటిలో కూడా క్షణకాలపు పోటును మింగే చిన్న ముక్క ఉంటుంది. నిమిషాల తరబడి వచ్చే అధిక వోల్టేజిని అది ఆపలేదు. పైగా ఎర్త్ సరిగ్గా లేని ఇంట్లో దాని పని సగమే. ల్యాప్‌టాప్ లోహపు ఒంటిని తాకితే సన్నగా జిలజిల అంటోందని చాలామంది భయపడతారు. ల్యాప్‌టాప్ పాడైనందువల్ల కాదు, ఎర్త్ అందక అలా ఉంటుంది. ఎర్త్ గొయ్యిలో బొగ్గు, ఉప్పు వేసి వేసవిలో నీళ్లు పోస్తూ ఉండండి. ఎర్త్ లేదని ప్లగ్గులో న్యూట్రల్‌నే ఎర్త్ పిన్నుకు కలిపే పని మాత్రం ఎవరు చేయబోయినా ఒప్పుకోవద్దు. న్యూట్రల్ తెగిన రోజు కంప్యూటర్ ఒళ్లంతా కరెంటే.

అపోహ: ఎక్కువ గంటలు కావాలంటే పెద్ద బ్యాటరీ కొనాలి.

12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ గంటల) బ్యాటరీ అంటే కాగితం మీద 1,800 వాట్ గంటలు. పూర్తిగా పీల్చేస్తే బ్యాటరీ త్వరగా చస్తుంది, ఇన్వర్టర్‌లో కొంత పోతుంది. చేతికందేది 1,100 అనుకోండి. డెస్క్‌టాప్, మానిటర్ కలిపి 150 వాట్లు, పాత ఫ్యాన్ 75, లైటూ రౌటరూ 25, మొత్తం 250. నాలుగు గంటలు పైచిలుకు వస్తుంది. అదే డెస్క్‌టాప్ బదులు 40 వాట్ల ల్యాప్‌టాప్, పాత ఫ్యాన్ బదులు 30 వాట్ల, తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ ఫ్యాన్ వాడితే మొత్తం 95. పదకొండు గంటలు దాటుతుంది. ఫ్యాన్ ఖరీదు ఇంకో బ్యాటరీ ఖరీదులో చిన్న భాగం.

లేజర్ ప్రింటర్‌ను ఇన్వర్టర్ లైన్‌కు తగిలించకండి. కాగితం వేడి చేసేటప్పుడు వందల వాట్లు ఒక్కసారిగా లాగుతుంది.

బ్యాటరీలో మినరల్ వాటర్ పోసే వాళ్లు ఇంకా ఉన్నారు. డిస్టిల్డ్ వాటర్ తప్ప మరేదీ పోయకూడదు.

అపోహ: ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది, కాబట్టి కరెంటు పోయినా పని ఆగదు.

రౌటర్‌కు బ్యాటరీ లేదు. దానికి కావలసింది పది వాట్లే. అడాప్టర్ మీద 9 వోల్టులా, 12 వోల్టులా చూసి, దానికి సరిపడే చిన్న డీసీ యూపీఎస్ కొంటే రెండు మూడు గంటలు నడుస్తుంది. నేరుగా ఇంటికే ఫైబర్ తీగ వస్తే దారిలో ఆ తీగను ఇళ్లకు పంచే స్ప్లిట్టర్లకు కరెంటు అక్కర్లేదు, వీధంతా చీకటైనా సాధారణంగా ఇంటర్నెట్ ఉంటుంది. స్తంభాల మీద కరెంటుతో నడిచే స్విచ్ డబ్బాలు పెట్టి లాగిన కేబుల్ అయితే, మీ రౌటర్ వెలుగుతూనే ఉంటుంది, ఇంటర్నెట్ మాత్రం ఉండదు. కనెక్షన్ తీసుకునే ముందు ఇంటిదాకా ఫైబరేనా అన్న ఈ ఒక్క ప్రశ్న అడగండి.

అపోహ: పక్కనే కృష్ణపట్నం థర్మల్ కేంద్రాలు ఉండగా కరెంటు పోతోందంటే మనకు ఇవ్వడం లేదన్నమాట.

ఈ మాటలో బాధ ఉంది, నాకూ అర్థమవుతుంది. కానీ అక్కడ పుట్టిన కరెంటు రాష్ట్రమంతటి గ్రిడ్‌లో కలుస్తుంది. మన ఇంట్లో అది పోయేది ఎక్కువగా చివరి నాలుగు కిలోమీటర్లలో, 11 కేవీ (11 వేల వోల్టుల) లైన్ మీద, వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర. సముద్రపు గాలిలోని ఉప్పు ఇన్సులేటర్ల మీద పేరుకుంటుంది. పెద్ద వాన దాన్ని కడిగేస్తుంది, సన్నటి తుంపర, తెల్లవారుజాము మంచు మాత్రం దాన్ని తడిపి వదిలేస్తాయి. అప్పుడు లైన్ ట్రిప్ అవుతుంది.

అపోహ: మేడ మీద సోలార్ పెడితే కోతల బెడద ఉండదు.

2024లో మొదలైన కేంద్ర ప్రభుత్వ సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78 వేల రాయితీ ఉంది, బిల్లు తగ్గుతుంది, పెట్టుకోండి. అయితే బ్యాటరీ లేకుండా వీధి లైన్‌తో కలిసి నడిచే మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్, వీధిలో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. మధ్యాహ్నం ఎండ మండుతున్నా అంతే. స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం కాపాడడానికి అలా చేశారు. కోతల్లోనూ నడవాలంటే బ్యాటరీతో నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్ కావాలని ముందే చెప్పండి.

మనకు అసలు పరీక్ష నవంబరు, డిసెంబరు నెలల్లో వస్తుంది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన వారంలో నేను తిరిగిన ఇళ్లలో, వరద నీళ్లు బ్యాటరీ ట్రాలీ చక్రాలు దాటి పైకి వచ్చినవి చాలా ఉన్నాయి. అక్టోబరులోనే ఇన్వర్టర్‌ను, బ్యాటరీని రెండడుగుల దిమ్మె మీదికి ఎక్కించండి. తుపాను హెచ్చరిక రాగానే డెస్క్‌టాప్ ప్లగ్గు, రౌటర్ ప్లగ్గు, డిష్ తీగ మూడూ పీకి పక్కన పెట్టండి. కరెంటు వచ్చాక పది నిమిషాలు ఒక్క బల్బు మాత్రం వేసి దాని వెలుగు చూడండి. అది నిలకడగా ఉన్నాకే కంప్యూటర్ తగిలించండి.