పదిహేడు మంది కళ్ల మీద నిలిచిన లెక్క

వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుని, నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు చూడండి. మధ్యలో అక్షరం శుభ్రంగా ఉంటుంది. తెర అంచుకు చూపు తిప్పితే, చాలాసార్లు అక్కడి అక్షరానికి ఒక పక్క ఎరుపు, ఇంకో పక్క నీలం పూసినట్టు కనిపిస్తుంది. లెన్స్ ఒక్కో రంగు కాంతిని ఒక్కోలా వంచడమే కారణం. సాఫ్ట్‌వేర్ దీన్ని కొంత సరిదిద్దుతుంది. మిగిలిన తేడా కంటికి ఎంతగా తెలుస్తుందో అంకెల్లో ఎలా చెప్పాలి?

రంగుల్ని అంకెల్లో చెప్పే ఈ కొలతల కథ 1920ల చివర్లో ఇంగ్లండ్‌లో మొదలైంది. పరిశోధకులు డేవిడ్ రైట్ పది మందిని, జాన్ గిల్డ్ ఏడుగురిని విడివిడిగా కూర్చోబెట్టారు. ఎదురుగా చూపించిన రంగుకు సరిపోయేదాకా ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతుల్ని కలపడమే వాళ్ల పని. ఆ పదిహేడు మంది కళ్లే రంగుల కొలతకు 1931లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణానికి ఆధారమయ్యాయి. ఇప్పటికీ తెరల రంగుల లెక్క దాని మీదే నడుస్తోంది. అయితే వాళ్లు చూసింది 2 డిగ్రీల రంగు చుక్క. చేయి చాచి బొటనవేలు చూస్తే దాని వెడల్పు దాదాపు అంతే. హెడ్‌సెట్ బొమ్మ దాదాపు 90 డిగ్రీలో, అంతకన్నా ఎక్కువో పరుచుకుని ఉంటుంది. నాకు ఈ కథలో అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇదే అనిపిస్తుంది.

1942లో మెక్‌ఆడమ్ అనే పరిశోధకుడు రెండు రంగుల మధ్య తేడా కంటికి ఎక్కడ తెలుస్తుందో కొలిచారు. 1976లో రెండు రంగుల తేడాను అంకెల్లో చెప్పే ల్యాబ్ (LAB) అనే లెక్క పద్ధతి వచ్చింది. రంగు ముక్కల్ని పక్కపక్కన పెట్టి పోల్చడానికి అది బాగానే పనికొచ్చింది, ఫొటోలకు మాత్రం చాల్లేదు. వెలుగునీడల్లోని సన్నని గీతల్ని పట్టుకున్నంత బాగా కన్ను రంగుల్లోని గీతల్ని పట్టుకోలేదు. అందుకే జేపెగ్ ఫైళ్లలో రంగు వివరాలు సగానికి సగం తగ్గించినా మనకు పెద్దగా తెలియదు. 1990ల్లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఈ గుణాన్ని ల్యాబ్ లెక్కలో కలిపారు.

చూపు అంచున కంటి శక్తి ఎలా తగ్గుతుందో, కదలిక ఉంటే ఏమవుతుందో కూడా లెక్కలోకి తీసుకుని, బొమ్మలో తేడా కంటికి ఎంత తెలుస్తుందో అంచనా వేసే కంప్యూటర్ నమూనా 2021లో వచ్చింది. దాని పేరు ఫోవ్‌వీడియోవీడీపీ. అది వెలుగునే చూసేది, రంగును పట్టించుకునేది కాదు. 2024లో కేంబ్రిడ్జ్ బృందం కలర్‌వీడియోవీడీపీతో ఆ లోటు తీర్చింది. మారిన బొమ్మకు అది ఇచ్చే స్కోరు 10 అయితే, అసలు బొమ్మకూ దానికీ కంటికి తెలిసే తేడా లేనట్టే.

ఇంత చేసినా ఈ నమూనాలు ఊహించుకునేది ఒక సగటు కంటినే. వయసు పెరిగేకొద్దీ కంటి లెన్స్ పసుపెక్కుతుంది, లోపలికి చేరే నీలి కాంతి తగ్గుతుంది. కొందరికి ఎరుపు, ఆకుపచ్చ తేడా పుట్టుకతోనే తెలియదు. సగటు కంటికి వచ్చిన స్కోరును వాళ్లకు అలాగే వర్తింపజేయలేం.