చచ్చిన కాకి గొంతులో పుల్ల ఎందుకు?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. పార్కులో మూడు కాకులు చచ్చి పడి ఉంటే పశువుల ఆసుపత్రి వాళ్ళు తెల్ల సూట్లు, మాస్కులు వేసుకుని వచ్చారనీ, కాకి నోట్లో దూదిపుల్ల తిప్పి, దాన్ని చిన్న గొట్టంలో వేసి, ఐస్ పెట్టెలో పట్టుకెళ్ళారనీ రాశారు. "చచ్చిపోయాక పరీక్ష చేస్తే ఏం లాభం తాతయ్యా? దానికి మందు వెయ్యలేరుగా" అని చిన్నది అడిగిందట. మంచి ప్రశ్న.

మందు ఆ కాకి కోసం కాదమ్మా. ఊళ్ళో కాకి వెళ్ళని చోటు ఉందా? చికెన్ కొట్టు వెనక పారేసిన పేగులు తింటుంది. చెరువు గట్టున వలసబాతు చచ్చి పడితే దాన్నీ పొడుచుకు తింటుంది. కాబట్టి బర్డ్ ఫ్లూ ఊళ్ళోకి వస్తే కాకులకు తగిలే అవకాశం ఎక్కువ. 2020 డిసెంబరు చివర్లో ఇందోర్‌లో కాకులు చచ్చిపోయినప్పుడు అది హెచ్‌5ఎన్‌8 అనే రకం బర్డ్ ఫ్లూ అని తేలింది. 2025 జనవరిలో మహారాష్ట్రలోని ఉద్గీర్‌లో కాకులు రాలిపోతే హెచ్‌5ఎన్‌1 అనే ఇంకో రకం అని తేలింది. రెండుసార్లూ ఆ మాట చెప్పింది భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాలే. ఆ మాట త్వరగా వస్తే కోళ్ళఫారాల వాళ్ళు, జూ వాళ్ళు ముందే జాగ్రత్త పడతారు.

ఇక పుల్ల సంగతి. అది మనం చెవిలో తిప్పుకునే పుల్ల కాదు. చెక్క కాడ పనికిరాదు, చెక్కలోంచి ఊరే పదార్థాలు పరీక్షను పాడుచేస్తాయి. అందుకే ప్లాస్టిక్ కాడ, పాలియెస్టర్ కొస ఉన్నది వాడతారు. పక్షికి రెండు పుల్లలు కావాలి, ఒకటి గొంతులోకి, ఒకటి రెట్ట వేసే చోటికి. కొన్ని రకాల ఫ్లూ బాతుల పేగుల్లో పెరిగి రెట్టలో బయటికొస్తుంది, కొన్ని గొంతులోనే ఎక్కువగా ఉంటాయి. ఒక్కచోటే చూసి లేదనేస్తే దొంగ రెండో గదిలో ఉండిపోవచ్చు. పుల్లను ఒకటి రెండు మిల్లీలీటర్ల ద్రవంలో ముంచి మూత బిగిస్తారు. బాక్టీరియా పెరక్కుండా అందులో యాంటీబయోటిక్ ఉంటుంది, దానివల్ల వైరస్‌కి ఏమీ కాదు. నాలుగు డిగ్రీల చల్లదనంలో రెండు రోజుల్లోపు లాబ్ చేరాలి. అంతకన్నా ఆలస్యమయ్యేట్టుంటే మైనస్ ఎనభై కావాలి. ఇంటి ఫ్రిజ్‌లో పైఅర చాలదా అనకండి, అక్కడ మెల్లగా గడ్డకట్టి వైరస్ చితికిపోతుంది. మన ఎండల్లో మధ్యాహ్నం దాకా పడున్న కాకి దగ్గర నమ్మకమైన జవాబు దొరకడమే కష్టం. చాలాచోట్ల పని చెడేది లాబ్‌లో కాదు, ఈ దారిలోనే.

లాబ్‌లో ఏం చేస్తారో చెప్పాలంటే నాకు మీ అమ్మమ్మ పెరుగు గిన్నే గుర్తొస్తుంది. పాలల్లో మజ్జిగ చుక్క పడిందో లేదో కంటితో చూసి చెప్పలేం. పొద్దున్నకి తోడుకున్నాయంటే పడిందన్నమాట. తోడు ఎక్కువ పడితే తొందరగా, తక్కువ పడితే ఆలస్యంగా పేరుకుంటాయి. అంటే ఎప్పుడు పేరుకుందో చూసి తోడు ఎంత పడిందో లెక్క కట్టొచ్చు. వైరస్ జన్యువును పట్టుకోవడానికి లాబ్‌లో వాడే పీసీఆర్ యంత్రం చేసేది సరిగ్గా ఇదే. ఫ్లూ వైరస్ జన్యువు ఆర్‌ఎన్‌ఏ, యంత్రం రెట్టింపు చెయ్యగలిగేది డీఎన్‌ఏని మాత్రమే. అందుకని ముందు ఒక ఎంజైముతో దాన్ని డీఎన్‌ఏగా మారుస్తారు. ఆపైన వేడెక్కించి చల్లార్చిన ప్రతి విడతకీ అది రెట్టింపవుతుంది, ఒకటి రెండు, రెండు నాలుగు. మామూలుగా నలభై విడతలు నడుపుతారు. సరిపడా పోగవగానే వెలుగు కనబడుతుంది. ఇరవయ్యో విడతకే వెలిగితే వైరస్ బోలెడున్నట్టు. ముప్పయ్యో విడతకి వెలిగితే దాదాపు వెయ్యి వంతులు తక్కువున్నట్టు. పది రెట్టింపులంటే ఎంతో మీరే గుణించి చూడండి.

దీంతోపాటు ఇంకో రెండు గిన్నెలు పెడతారు. ఒకదాంట్లో తోడు వెయ్యని పాలు. అవీ తోడుకున్నాయంటే గిన్నె సరిగా తోమలేదని అర్థం, ఆ రోజు పరీక్షంతా పారబోయాల్సిందే. రెండోదాంట్లో కావాలనే తోడు వేసిన పాలు. అవి తోడుకోకపోతే పరీక్షలోనే లోపం ఉంది, మిగతావాటికి వచ్చిన "లేదు" నమ్మడానికి వీల్లేదు. ఈ రెండు గిన్నెలూ చూపించకుండా ఎవరైనా ఫలితం చెబితే నేనైతే నమ్మను, మీరూ నమ్మకండి.

కానీ గిన్నెను ఇంతదూరం మోసుకొచ్చాక దింపక తప్పదు. పెరుగులో పెరిగేది బతికున్న సూక్ష్మజీవి. యంత్రంలో పెరిగేది వైరస్ జన్యువు ముక్క నకలు మాత్రమే. వైరస్ చచ్చి ముక్కలే మిగిలినా యంత్రం "ఉంది" అనే అంటుంది. బతికుందో లేదో చూడాలంటే తొమ్మిది నుంచి పదకొండు రోజులు పొదిగిన కోడిగుడ్డులోకి ఎక్కించి పెంచాలి. బర్డ్ ఫ్లూ అనుమానం ఉంటే ఆ పని గాలి కూడా వడకట్టి బయటికి వదిలే లాబ్‌లోనే చెయ్యాలి. అందుకే భోపాల్ దాకా పంపడం.

మా చిన్నప్పుడు కోళ్ళకు కొక్కెర తెగులు (రాణీఖేత్ జబ్బు) వచ్చిందంటే వారం తిరిగేసరికి గంపల కింద కోడి మిగిలేది కాదు. చచ్చిన కోళ్ళను చెరువు వైపు విసిరేసేవాళ్ళు. కాకులూ కుక్కలూ వాటిని ఊరంతా లాగేవి. తద్దినం నాడు పిండం కాకి ముట్టిందా లేదా అని గంటలకొద్దీ చూసిన పెద్దలు, ఆ కాకి ఏం తిని వచ్చిందో ఒక్కనాడూ చూడలేదు. కాకిని పిలవడం తెలిసినవాళ్ళకి కాకిని గమనించడం కూడా తెలిసుండాల్సింది.

గమనిస్తే ఏమవుతుందో 1999లో న్యూయార్క్‌లో తేలింది. ఆ వేసవిలో కాకులు రాలిపోయాయి, మనుషులకి మెదడువాపు వచ్చింది. దోమలు మోసే సెయింట్ లూయిస్ మెదడువాపు అని మొదట ప్రకటించారు. బ్రాంక్స్ జూ పశువైద్యురాలు ట్రేసీ మెక్‌నమారా ఒప్పుకోలేదు. ఆ జబ్బు మామూలుగా పక్షుల్ని చంపదు, మరి కాకులు, జూలో ఫ్లెమింగోలు ఎందుకు పోతున్నాయి అని పట్టుబట్టారు. చివరికి అది అమెరికా ఖండంలో అప్పటిదాకా ఎవరూ చూడని వెస్ట్ నైల్ వైరస్ అని తేలింది. అదే ఊళ్ళో ఈమధ్య హైస్కూలు పిల్లలు కూడా శాస్త్రవేత్తలతో కలిసి పార్కుల్లో తాజా రెట్టలు పోగుచేశారు. 2022, 2023 సంవత్సరాల్లో ఆ బృందం పరీక్షించిన 1927 నమూనాల్లో హెచ్‌5ఎన్‌1 దొరికింది ఆరు పక్షుల్లోనే. మిగతావన్నీ దండగ అనుకోకండి. ఆ "లేదు"లు లేకపోతే ఆరు ఎక్కువో తక్కువో ఎవరికి తెలుస్తుంది?

వైరస్ దొరికితే దాని జన్యువును అక్షరం అక్షరం చదువుతారు. సుమారు పదమూడున్నర వేల అక్షరాలు, ఎనిమిది ముక్కలుగా ఉంటాయి. ఒకే బాతులో రెండు రకాల ఫ్లూలు కలిస్తే ముక్కలు తారుమారై కొత్తది పుడుతుంది. కంటికి ఆనని ఆ రేణువులోకి ఎనిమిదీ తలా ఒకటి చొప్పున ఎలా సర్దుకుంటాయో వివరించమంటే నా వల్ల కాదు, తలచుకుంటేనే నోట మాట రాదు.

మీరు చెయ్యగలిగింది చెబుతాను. రోజూ సాయంత్రం కాకులు ఏ చెట్టు మీదికి చేరతాయో చూసి, అరగంట లెక్కపెట్టి, తేదీ వేసి నోటుపుస్తకంలో రాయండి. పక్షి చచ్చి కనిపిస్తే ముట్టుకోవద్దు, కుక్కను దగ్గరికి పోనివ్వద్దు. దూరంనుంచి ఫోటో తీసి చోటు, సమయం, ఎన్ని పడ్డాయో రాసుకుని నాన్నతో పశువుల ఆసుపత్రికి చెప్పించండి. సంక్రాంతికి ఒక్క కాకి పడితే ముందు రెక్కల్లో మాంజా ఉందేమో దూరంనుంచే చూడండి. నాలుగు రోజుల్లో ఒకేచోట మూడు నాలుగు పడితే అదే రోజు ఫోన్ చేయించండి. పావురం మెడ వంకరగా తిప్పుకుంటూ నేల మీద గిరగిరా తిరుగుతుంటే అది బర్డ్ ఫ్లూ కన్నా పావురాల పారామిక్సో వైరస్ అయ్యే అవకాశం ఎక్కువ. అది మన కొక్కెర తెగులుకి దగ్గరి చుట్టమే. అయినా ముట్టుకోకుండా ఆసుపత్రికి చెప్పించాల్సిందే.

వచ్చే ఉత్తరంలో కాకుల లెక్క రాయండి.

ఇట్లు
మీ తాతయ్య