మున్సిపల్ బడ్జెట్, సిబ్బంది జీతాలు: అపోహలు – వాస్తవాలు

ఇరవై ఏళ్లకు పైగా మున్సిపాలిటీ అకౌంట్స్ సెక్షన్‌లో పని చేస్తున్నాను, అంతా ఆంధ్రప్రదేశ్‌లోనే, ఇప్పటికి మూడు ఊళ్లు మారాను. జనవరి వచ్చిందంటే మా గదిలో లైటు రాత్రి తొమ్మిదైనా ఆరదు. అంచనాలు వేసి, పుస్తకం కొట్టించి, కౌన్సిలర్లందరికీ పంపి, సమావేశం రోజున కమిషనర్ గారి వెనక వరసలో ఫైళ్లు పట్టుకుని కూర్చుంటాను. "ఉన్నదంతా జీతాలకే పోతోంది, మా వార్డుకు ఏం మిగిలింది?" అనే మాట వినపడని బడ్జెట్ సమావేశం నాకు ఒక్కటి కూడా గుర్తు లేదు. ఆ మాట అనేవాళ్ల బాధ నిజమే, వాళ్లు రేపు వార్డులోకి వెళ్తే జనం నిలదీస్తారు. కానీ లెక్క అలా ఉండదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అపోహ: సిబ్బంది జీతాలు ఎంత ఉండాలో కౌన్సిల్ నిర్ణయిస్తుంది.

నిర్ణయించదు. రెగ్యులర్ ఉద్యోగుల జీతం పీఆర్సీ (వేతన సవరణ సంఘం)తో వస్తుంది, ఆ పీఆర్సీ రాష్ట్ర ప్రభుత్వానిది. 2021లో తెలంగాణ 30 శాతం ఫిట్‌మెంట్ (మూల వేతనం మీద పెంపు) ఇచ్చినా, 2022లో ఏపీ 23 శాతం ఇచ్చినా ఏ కౌన్సిల్‌నూ అడిగి ఇవ్వలేదు. పోస్టులు మంజూరు చేసేదీ ప్రభుత్వమే. ఔట్‌సోర్సింగ్ కార్మికుల వేతనం కూడా జీవోతోనే మారుతుంది. 2023 డిసెంబరు 26న ఏపీలో మున్సిపల్ కార్మికులు సమ్మెకు దిగి జనవరి రెండో వారం దాకా పనులు ఆపేశారు గుర్తుందా, అప్పుడు వాళ్లతో చర్చలు జరిపింది మంత్రుల బృందం, ఊళ్ల ఛైర్‌పర్సన్లు కాదు. చెత్త మాత్రం ఊళ్లలో పేరుకుంది, తిట్లు తిన్నది వార్డు కౌన్సిలర్లు.

అపోహ: మున్సిపాలిటీలో పని చేసేవాళ్లందరికీ ప్రభుత్వమే జీతాలిస్తుంది, ఇక ఊరికేం భారం?

ఇది పై దానికి పూర్తిగా వ్యతిరేకమైన అపోహ. విచిత్రం ఏమిటంటే ఈ రెండూ ఒకే సమావేశంలో, ఒక్కోసారి ఒకే సభ్యుడి నోట వింటుంటాను.

మున్సిపాలిటీల్లో రెగ్యులర్ ఉద్యోగుల జీతాలు 010 పద్దు కింద ట్రెజరీ నుంచి వస్తాయి. మేము బిల్లు పెడతాం, డబ్బు ప్రభుత్వానిది. (హైదరాబాద్ లాంటి పెద్ద కార్పొరేషన్ సంగతి వేరు, అక్కడ సొంత ఖజానా నుంచే కట్టుకోవాలి.) ఊరి జనరల్ ఫండ్ (మున్సిపాలిటీ సొంత నిధి) మీద అసలు భారం ఔట్‌సోర్సింగ్ కార్మికులది. తెల్లారగట్ల ఐదింటికి మస్టర్ (హాజరు) దగ్గర నిలబడేవాళ్లు, కాలువలో పూడిక తీసేవాళ్లు, మోటారు ఆన్ చేసి ట్యాంకు నింపేవాళ్లు, వీధి దీపాలు చూసేవాళ్లు. వాళ్ల జీతం మధ్యలో ఏ ఏజెన్సీ గుండా వెళ్లినా, 2020 నుంచి ఏపీలో ఆప్కాస్ (ప్రభుత్వ ఔట్‌సోర్సింగ్ సంస్థ) గుండా వెళ్లినా, డబ్బు మాత్రం ఊరిదే.

ఒక ఊళ్లో 200 మంది ఉన్నారనుకోండి. తలకు 21 వేల చొప్పున నెలకు 42 లక్షలు, ఏడాదికి 5 కోట్ల 4 లక్షలు. పీఎఫ్, ఈఎస్ఐలలో యజమాని వాటా దీనికి అదనం. ఈ డబ్బు ప్రతి నెలా కావాలి. ఇంటి పన్ను మాత్రం ప్రతి నెలా రాదు. ఏప్రిల్‌లో కడితే 5 శాతం రాయితీ ఉంటుంది కాబట్టి అప్పుడు కొంత వస్తుంది, మళ్లీ సెప్టెంబరు ఆఖర్లో కొంత, మార్చిలో బిల్ కలెక్టర్లు ఇల్లిల్లూ తిరిగితే ఎక్కువ భాగం. మధ్యలో జూలై, ఆగస్టు వచ్చేసరికి జనరల్ ఫండ్ ఎండిపోతుంది. జీతాలు ఆలస్యమయ్యేది సరిగ్గా అప్పుడే, అదీ ఈ కార్మికులకే. మాకు ఒకటో తేదీ తప్పినా నాలుగైదు రోజుల తేడాలో పడిపోతుంది.

పాత ఊళ్లో ఒక ఆగస్టు నాకు ఇప్పటికీ మనసులోంచి పోలేదు. పదకొండో తేదీ. డ్యూటీ దిగి నేరుగా వచ్చిన ఒక కార్మికురాలు మా కౌంటర్ దగ్గర నిలబడి, తడవకుండా పాలిథిన్ కవరు చుట్టి పెట్టుకున్న బ్యాంకు పాస్‌బుక్ విప్పి, చివరి ఎంట్రీ మీద వేలు పెట్టి చూపించింది. జూన్ జీతం అది. "పిల్లదాని ఫీజుకి నిన్నే ఆఖరు తేదీ సారూ, ఇవాళ్టి నుంచి ఫైన్ అంట" అంది. గొంతు పెంచలేదు. "బిల్లు పెట్టామమ్మా, రెండు మూడు రోజుల్లో పడుతుంది" అన్నాను, అంతకు మించి నా చేతిలో ఏమీ లేదు. అదే వారం మెయిన్ సెంటర్‌లో పెట్టిన రంగు లైట్ల బిల్లు మాత్రం చెల్లింది, చెక్కు రాసింది నేనే. జీతాలకు ఖర్చెక్కువైపోతోందని ఎవరైనా అన్నప్పుడల్లా నాకు ఆ పాస్‌బుక్ గుర్తొస్తుంది, కోపమూ వస్తుంది.

అపోహ: జీతాలు తగ్గిస్తే ఆ డబ్బుతో రోడ్లు వేయొచ్చు.

అన్ని డబ్బులూ ఒకే సంచిలో ఉండవు. 010 పద్దులో మిగిలితే అది ప్రభుత్వానికి మిగులుతుంది, మీ వార్డు రోడ్డుకి రాదు. 2020-26 కాలానికి కేంద్రం నుంచి వచ్చే 15వ ఆర్థిక సంఘం నిధులు రోడ్డుకీ నీటికీ వాడొచ్చు, కానీ అందులోంచి జీతాలకు ఒక్క రూపాయి ఇవ్వకూడదని స్పష్టంగా రాసి ఉంది. దాంట్లోనూ 2021 తర్వాత 60 శాతం నీరు, పారిశుద్ధ్యానికే కట్టేశారు. అమృత్ (కేంద్రం పట్టణ పథకం) డబ్బు అమృత్ పనులకే. ఇక నిజంగా మన ఇష్టం వచ్చినట్టు వాడుకోగలిగింది జనరల్ ఫండ్ ఒక్కటే. అందులో కరెంటు బిల్లు, డీజిల్, పంపుల రిపేర్లు, కార్మికుల జీతాలు పోగా చేతిలో ఉండేది చాలా ఊళ్లలో కొంచెమే. పోనీ కార్మికులను తగ్గిద్దామా అంటే, ఊరు పెరుగుతోంది, కొత్త కాలనీలు కలుస్తున్నాయి, చీపురు పట్టే చేతులు మాత్రం అవే. నా దృష్టిలో అక్కడ తగ్గించడానికి ఏమీ లేదు.

అపోహ: మిగులు బడ్జెట్ అంటే ఖజానా నిండుగా ఉన్నట్టు.

ఈ అపోహకి మా సెక్షన్ తప్పు కూడా ఉందని ఒప్పుకుంటాను. బడ్జెట్ పుస్తకంలో ఒక్కో పద్దుకి ఎదురుగా మూడు అంకెలుంటాయి: గడిచిన ఏడాది వాస్తవంగా వచ్చింది లేదా ఖర్చయింది, ఈ ఏడాది సవరించిన అంచనా, వచ్చే ఏడాది అంచనా. సభలో అందరూ మూడో దాన్నే చదువుతారు, పేపర్లలో వచ్చేదీ అదే. జీహెచ్ఎంసీ 2025-26 బడ్జెట్ 8,440 కోట్లు అని మనందరం చదివాం కదా, అలాంటి అంకె ఏ ఊరిదైనా సరే అంచనాయే, బ్యాంకులో ఉన్న డబ్బు కాదు.

అంచనా ఎలా పెరుగుతుందో చెబుతాను. ఆదాయం వైపు ప్రభుత్వ గ్రాంట్ల కింద ఒక పెద్ద అంకె రాస్తాం, ఆ గ్రాంటు వస్తుందని ఉత్తరం కూడా ఉండదు, "ప్రతిపాదన పంపాం" అంతే. దానికి సరిపడా ఖర్చు వైపు పనులు రాస్తాం. ప్రతి సభ్యుడికీ తన వార్డు పని పుస్తకంలో కనపడుతుంది, సభ సాఫీగా సాగుతుంది. ఏడాది చివర్లో గ్రాంటు రాదు, పని జరగదు, కాగితం మీద మాత్రం రెండు వైపులా సమానంగా తగ్గి ముగింపు నిల్వ చక్కగానే కనపడుతుంది. అందుకే కొత్తగా గెలిచిన సభ్యులకు నేను ఎప్పుడూ చెప్పేది ఒకటే: ముందు మొదటి కాలమ్ చూడండి. పోయిన ఏడాది ఇంటి పన్ను ఎంత అంచనా వేశారు, నిజంగా ఎంత వసూలైంది. ఆ రెంటికీ మధ్య తేడా ఎంతో తెలిస్తే ఊరి పరిస్థితి మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అపోహ: ఆదాయం కావాలంటే కౌన్సిల్ పన్ను పెంచితే సరిపోతుంది.

ఏపీలో 2021 ఏప్రిల్ నుంచి ఇంటి పన్ను ఆస్తి విలువ ఆధారంగా లెక్క కడుతున్నారు, నివాస గృహాలకు విలువలో 0.10 నుంచి 0.50 శాతం మధ్య. ఏడాదికి 15 శాతానికి మించి పెరగకూడదన్న పరిమితి ఉంది, అంటే పోయినసారి 4,000 కట్టినవాళ్లకి ఈసారి 4,600 దాటదు. ఇక చెత్త పన్ను సంగతి చూడండి, 2021 అక్టోబరులో పైనుంచే వచ్చింది, 2024లో రద్దు ప్రకటన కూడా పైనుంచే వచ్చింది. అది మంచిదా చెడ్డదా అన్న వాదన పక్కన పెడితే, ఆదాయం అంచనా వేసే మాకు మాత్రం ఆ పద్దు ఒక ఏడాది రాయడం, ఇంకో ఏడాది కొట్టేయడం తప్ప వేరే పాత్ర లేదు. మీరు కట్టిన ఇంటి పన్నులో కూడా రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు, అది జిల్లా గ్రంథాలయ సంస్థకి చేరాలి, చేతిలో డబ్బు ఆడనప్పుడు ముందు ఆగిపోయేది కూడా అదే. మీ ఊరి లైబ్రరీలో కొత్త పుస్తకాలు లేకపోవడానికి అదీ ఒక కారణం.

అపోహ: బడ్జెట్‌లో పేరు ఉంటే పని మంజూరైనట్టే.

కాదు. ఎస్టిమేట్, పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి, టెండరు, వర్క్ ఆర్డర్, ఎంబీ (కొలతల పుస్తకం) రికార్డు, ఆ తర్వాత బిల్లు. బిల్లు నా టేబుల్ మీదికి వచ్చాక కూడా ఆ పద్దులో డబ్బు ఉండాలి.

అపోహ: పన్ను ఎగ్గొట్టేది పేదవాళ్లే, వసూళ్లు అంతకన్నా పెరగవు.

నా చేతికొచ్చిన ఏ డీసీబీ రిజిస్టరూ ఈ మాట చెప్పలేదు. డిమాండ్, కలెక్షన్, బ్యాలెన్స్ అని మూడు కాలమ్స్‌లో ఉంటుంది, బ్యాలెన్స్ పెద్దది ముందు వచ్చేలా పేర్చి చూస్తే మొదటి పేజీలో రెండు గదుల ఇళ్లు కనపడవు. కల్యాణ మండపాలు, షాపింగ్ కాంప్లెక్సులు, కోర్టు కేసులో ఉన్న స్థలాలు, వాటితో పాటు సాక్షాత్తూ ప్రభుత్వ కార్యాలయాల భవనాలు. చిన్న ఇంటాయన వెయ్యి రూపాయలు బాకీ పడితే నెలకు 2 శాతం వడ్డీకి భయపడి మార్చిలో కట్టేస్తాడు. కాంప్లెక్సు యజమాని వడ్డీ మాఫీ జీవో వచ్చేదాకా ఆగుతాడు.

కౌన్సిలర్లు అడిగితే ఆ పేజీ ఇవ్వకూడదని ఏ రూలూ లేదు. ఇన్నేళ్లలో నన్ను అడిగినవాళ్లు ఇద్దరే. అందులో ఒకావిడ మొదటిసారి గెలిచిన కౌన్సిలర్, సమావేశానికి వారం ముందే సెక్షన్‌కి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుని, "అన్నా, మొదటి ఇరవై పేర్లు చదవండి, రాసుకుంటాను" అంది. సభలో జీతాల మీద చర్చ మొదలవగానే లేచి ఆ ఇరవై బాకీలూ కలిపితే ఎంతో చెప్పింది. అది కార్మికుల మూడు నెలల జీతాల కన్నా ఎక్కువ. ఆ మార్చిలో వాటిలో ఏడు వసూలయ్యాయి, ఆ వేసవిలో జీతాలు ఒక్క నెల కూడా ఆగలేదు.