28 వారాల లోపు బిడ్డలు, క్లినికల్ ట్రయల్స్: అపోహలు - వాస్తవాలు

గర్భం 28 వారాలు నిండకుండా పుట్టిన బిడ్డల ఎన్‌ఐసీయూలో (పసిబిడ్డల ఐసీయూలో) డాక్టర్ని. "దీని మీద ట్రయల్ జరిగిందట కదా మేడమ్, మా పాపకీ అదే ఇవ్వొచ్చుగా?" అని అమ్మానాన్నలు అడుగుతుంటారు. ట్రయల్ అంటే ఒక వైద్యం పనిచేస్తుందో లేదో కొందరి మీద పద్ధతిగా పరీక్షించి చూడటం. అప్పుడు నేను ముందు చూసేది ఒకటే: ఆ ట్రయల్‌లోకి ఎలాంటి పిల్లల్ని తీసుకున్నారు?

అపోహ: 28 వారాల లోపు పిల్లల మీద ట్రయల్ అంటే, అలాంటి పిల్లలందరూ అందులో ఉన్నట్టే.

కాదు. అమెరికాలో 2005-2009 మధ్య జరిగిన సపోర్ట్ ట్రయల్‌లో 24 నుంచి 27 వారాల బిడ్డలు 1,316 మంది. రక్తంలో ఆక్సిజన్ 85-89 శాతం దగ్గర ఉంచితే మేలా, 91-95 దగ్గరా అన్నది అందులో ఒక ప్రశ్న. పుట్టగానే మొదలుపెట్టాలి కాబట్టి ట్రయల్‌కు ఒప్పుకుంటూ అమ్మానాన్నలు పెట్టే సంతకం కాన్పుకు ముందే కావాలి. అర్హత ఉండీ చేరని పిల్లలతో తర్వాత పోల్చి చూశారు. చేరిన బిడ్డల తల్లుల్లో, కాన్పుకు ముందు బిడ్డ ఊపిరితిత్తుల కోసం ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ అందినవారు ఎక్కువ. చేరని బిడ్డల్లో మరణాలు ఎక్కువ.

ఎందుకలా అవుతుందో లేబర్ రూమ్‌లో నిలబడితే తెలుస్తుంది. ఒక రాత్రి 108లో ఒకామెను తెచ్చారు. నొప్పులు ఆగడం లేదు. ఎన్నో నెలమ్మా అంటే, "సంక్రాంతి వెళ్లాక తలస్నానం చేశానండీ" అంది. స్కాన్ కాగితం లేదు. భర్త కింద అడ్మిషన్ దగ్గర ఉన్నాడు. అత్తగారు నా చేయి పట్టుకుని "బతుకుతాడా తల్లీ" అంటోంది. నా చేతిలో ట్రయల్‌లో చేర్చడానికి సంతకం కావాల్సిన ఆరు పేజీల ఫారం. ఆమె మంచం కమ్మీ బిగించి పట్టుకుంది, ఆ చేతికి పెన్ను ఎలా ఇవ్వను? ఫారం ఫైల్లో పెట్టేశాను. అలాంటి బిడ్డలే అన్నిటికన్నా బలహీనం. ఫలితాల పట్టికలో వాళ్లే ఉండరు.

అపోహ: పుట్టగానే చేర్చినా, రెండ్రోజులయ్యాక చేర్చినా ఒకటే.

1953లో అమెరికాలో 18 ఆసుపత్రులు కలిసి, ఎక్కువ ఆక్సిజన్ వల్ల కళ్లు పోతున్నాయా అని పరీక్షించాయి. 1,500 గ్రాములకు మించని పిల్లలు, అదీ 48 గంటలు బతికినవాళ్లే. ఆక్సిజన్ ఎక్కువైతే చూపు పోతుందని తేలింది, అది నిజం. తగ్గిస్తే మరణాలు పెరగవనీ అనిపించింది. తొలి రెండు రోజుల్లో ఊపిరాడక పోయే బిడ్డలు అసలు లెక్కలోనే లేరు! ఆ తర్వాత పుట్టిన గంట నుంచే ఆక్సిజన్ కుదించారు. 1973లో కె.డబ్ల్యు. క్రాస్ అనే పరిశోధకుడు వేసిన అంచనా ప్రకారం ఒక బిడ్డ చూపు దక్కినందుకు దాదాపు 16 మంది బిడ్డల ప్రాణాలు పోయాయి. ఎన్నిసార్లు చదివినా కడుపులో దేవినట్టుంటుంది.

అపోహ: బరువు చూసినా, వారాలు చూసినా ఒకటే.

900 గ్రాముల బిడ్డకు 26 వారాలు ఉండొచ్చు, కడుపులో ఎదగక 31 వారాలకు పుట్టినదీ కావొచ్చు. ఊపిరితిత్తులు వేరు. పుట్టిన వెంటనే కంగారూ కేర్ (బిడ్డను అమ్మ గుండెలకు ఒంటికి ఒళ్లు ఆనేలా ఉంచడం) మొదలుపెట్టిన ట్రయల్ (మన దేశంతో పాటు నాలుగు ఆఫ్రికా దేశాల్లో జరిగింది, 2021లో ఫలితాలు వచ్చాయి) మరణాలను 15.7 నుంచి 12 శాతానికి తగ్గించింది. అందులోకి తీసుకున్నది 1,000 నుంచి 1,799 గ్రాముల పిల్లల్ని. కిలోలోపు బిడ్డనూ నిలకడగా ఉంటే అమ్మ గుండెల మీద పడుకోబెడతాను. కానీ ఆ 12 శాతం అంకె మాత్రం ఆ అమ్మకు చెప్పను.

అపోహ: సంతకం పెట్టకపోతే బిడ్డను సరిగా చూడరు.

వద్దనడం మీ హక్కు, పెట్టిన సంతకం వెనక్కి తీసుకోవడమూ మీ హక్కే. వైద్యంలో తేడా రాకూడదు. మన దేశపు ట్రయల్స్ నమోదయ్యే సీటీఆర్‌ఐ వెబ్‌సైట్‌లో ఎవరిని చేర్చుకుంటారో, ఎవరిని చేర్చుకోరో రాసి ఉంటుంది. చదివి, అర్థం కానిది డాక్టర్ని అడగండి.

గర్భిణులకు ఒక మాట. మొదటి మూడు నెలల్లో తీసిన స్కాన్ రిపోర్టు ఎక్కడికి వెళ్లినా వెంట ఉంచుకోండి. బిడ్డకు 25 వారాలా, 27 వారాలా అని అర్ధరాత్రి మాకు నమ్మకంగా చెప్పేది ఆ ఒక్క కాగితమే.